రెండు వేళ్ళ కిటికీ

మా పెద్దబావ పోయినప్పుడు ఆయన కుడిచేయి తెరిచి ఉంది. డాక్టరు వచ్చి నాడి చూడకముందే, ఆ తెరిచిన చేతిని చూసి మేమంతా నమ్మేశాం. ప్రాణం ఉండగా ఆ చేయి ఒకరి చేతిని పట్టుకున్నాక బేరం తెగకుండా తనంతట తాను వదిలింది నాకు తెలిసి ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారి కోదాడ వారపు అంగడి అంగడంతా నిలబడిపోయింది. ఎడ్లు నెమరు ఆపాయి. బజ్జీల మూకుట్లో నూనె సలసల మానింది. నేను ప్రతిదీ కాస్త పెంచి చెబుతానని మావాళ్ళు అంటారు. నూనె సంగతి పెంచిందే కావచ్చు, ఎడ్ల సంగతి మాత్రం నా కళ్ళతో చూశాను.

ఆ చేయి గురించి ముందు చెప్పాలి. బావ సూర్యాపేటలో ఒక ధాన్యం దుకాణంలో కాంటా వేసేవాడు. ముప్పై ఏళ్ళు వడ్ల బస్తాలను ఎత్తి దించిన చేయి అది. అరచేయి చేటంత. పెళ్ళిపీటల మీద మా అక్క చేతిని అందులో పెట్టగానే అది మాయమైపోయింది. పురోహితుడు మంత్రం ఆపి, అమ్మాయి చేయి ఎక్కడని వెతుక్కున్నాడు.

ఎడ్ల అంగడిలో బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడి చేయి, కొనేవాడి చేయి తువ్వాల కింద కలుస్తాయి. పదులా వందలా అన్నది ముందే పైకి అనుకుంటారు. ఆ తర్వాత మాటలు ఉండవు, వేళ్ళే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు పట్టుకుంటే నాలుగు, చేయంతా పట్టుకుంటే అయిదు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు రెండు ముఖాలు, ఒక తువ్వాల తప్ప ఏమీ కనబడదు. బేరం కుదిరితే చేతులు ఊపి తువ్వాల తీస్తారు. కుదరకముందే ఎవరు చేయి వదిలినా, ఆ పూటకు ఆ మనిషి ఆ సరుకుకు మళ్ళీ బేరం ఆడకూడదు.

ఇదంతా పశువులకు. మా బావ దీన్ని పాత సామాన్ల వరసలోకి తెచ్చాడు. చెవి లేని తాళంకప్పకు తువ్వాల. చిల్లుపడ్డ గంగాళానికి తువ్వాల. మూడు కాళ్ళ కుర్చీకి కూడా తువ్వాలే. అమ్మేవాడు ఏం జరుగుతున్నదో తెలిసేలోపు అతని చేయి చేటలో పడిపోయేది. ఇక రాదు.

"చేయి ఇడిస్తే బేరం సచ్చినట్టే, బామ్మర్దీ," అనేవాడు బావ. "పట్టుకున్నంతసేపు అది మనదే."

ఒకసారి మిర్యాలగూడ అంగడిలో ఒక తాళాలాయన చేతిని పొద్దున పట్టుకున్నాడు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చింది. తాళాలాయన పెండ్లాం జొన్నరొట్టెలు మూట కట్టుకుని వచ్చి, మొగుడి కుడిచేయి ఖాళీగా లేదని తానే తినిపించింది. బావకు కూడా ఒక రొట్టె ఇచ్చింది. ఆయన ఎడమచేత్తో తిని, ఉల్లిగడ్డ అడిగాడు. చివరికి ఆ తాళాలాయన తాళంకప్పను సగం ధరకు ఇచ్చి, తన చేయి తాను తీసుకుని, వేళ్ళు అన్నీ ఉన్నాయో లేవో చూసుకుంటూ పోయాడు.

ఏడాదిలో బావ బతికేది పదిహేను రోజులే. మిగిలిన మూడువందల యాభై రోజులు కాంటా వేసేవాడు. కాముని పున్నమినాడు బట్టల మీద పడ్డ మోదుగుపూల రంగు ఆరకముందే ఆయన పండగ మొదలై, ఉగాదితో ముగిసేది. ఎందుకంటే ఉగాదికి ఇండ్లకు సున్నం వెయ్యాలి. సున్నం వెయ్యాలంటే సామాను బయటపెట్టాలి. బయటపెట్టినవాటిలో సగం మళ్ళీ లోపలికి పోవు, అంగడికి వస్తాయి. పైగా అవి దొరల కోటల్లాంటి గడీలు ఒక్కటొక్కటే ఖాళీ అవుతున్న రోజులు. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ అంగళ్ళలో చెట్లకింద కుప్పలుగా పడి ఉండేవి, మన బతుకుల్లో ఎవరికీ అక్కరలేని గొప్ప వస్తువులు.

ఆ మూడు అంగళ్ళకూ వెంట నేను. కాదనడానికి లేదు, నేను బామ్మర్దిని. మా అక్క ఆయనింట్లో ఉంది. గరిడేపల్లి దగ్గర బడిలో పంతులుగా ఉన్న నాకు సరిగ్గా ఆ పదిహేను రోజుల్లోనే ఏటా జ్వరం వచ్చేది. సెలవు చీటీలో రాసుకునేందుకు నాకు తెలిసిన జబ్బులన్నీ మూడేళ్ళలో అయిపోయాయి. నాలుగో ఏడు నుంచి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

నా పని తిట్టడం. బావ కన్నేసిన వస్తువు దగ్గరికి ముందు నేను పరాయివాడిలా పోవాలి. దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇదేం వస్తువయ్యా, దీన్ని ఎవడు కొంటాడని ముఖం చిట్లించి రావాలి. అమ్మేవాడి మనసు విరిగాక బావ దేవుడిలా వచ్చి చేయి అందుకుంటాడు. మొదటి రెండేళ్ళు ఇది నడిచింది. మూడో ఏడు నుంచి, నేను అంత దూరాన కనబడగానే, "తిట్టే సారు వచ్చిండు, జర పీట ఎయ్యిండ్రి" అనేవారు. ఒక ముసలమ్మయితే నాకు మజ్జిగ పోసి, నిదానంగా తిట్టమంది. అయినా బావ నన్ను వదలలేదు. ఆయన ఏదీ వదలడు.

అలా వచ్చినవన్నీ ఇంట్లోకే చేరాయి. ఏదో గడీలో దొర స్నానం చేసిన ఇనుప తొట్టి వచ్చింది, అందులో కందులు పోశారు. కరెంటు రాకముందే గాజు దీపాల గుత్తి వచ్చింది, దానికి ఎండుమిరపకాయలు వేలాడదీశారు. చెవులు లేని తాళాలు ఇరవై ఒకటి. మంగలి కుర్చీ ఒకటి, దాని మీద కూర్చుంటే అదే తిరిగి గోడవైపు ముఖం పెడుతుంది. వీధి తలుపు నుంచి వంటింటికి పోవాలంటే అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి నడిచేది. నేను లావెక్కాక వంటింటిదాకా పోవడం మానేశాను. నాకు మంచినీళ్ళు చేతులు మారి వచ్చేవి.

ఇన్ని ఉన్న ఆ ఇంట్లో లేనిది ఒక్కటి. వంటింటికి కిటికీ.

పొయ్యి ఒక మూల, కట్టెలు ఒక మూల, మధ్యలో మా అక్క. పొగ పోవడానికి ఆమె వచ్చిన తలుపే దారి. పెళ్ళయిన కొత్తలో అక్క ఒకే ఒక్క కోరిక కోరింది, ఒక కిటికీ పెట్టించమని. బావ సరేనన్నాడు. వడ్రంగిని పిలిపిస్తే నాలుగు రోజుల పని. కానీ బావ పిలిపించడు.

"కొత్తది ఎవడన్న కొంటడు," అన్నాడు నాతో. "అండ్ల మనిషి తెలివి ఏమున్నది?"

కోదాడ అంగడిలో ఆయన ఒక కిటికీ చూశాడు. గడీది. నిలువెత్తు టేకు, పన్నెండు ఇనుప చువ్వలు, రెండు రెక్కలు. దాని యజమాని పాత సామాన్లు అమ్మే ఒక ముసలాయన, అందరూ తాత అనేవారు. తాత తువ్వాల కింద నాలుగు వేళ్ళు పట్టాడు, నలభై. బావ రెండు పట్టాడు, ఇరవై. సాయంత్రం ఆఖరు బస్సు హారను కొట్టేదాకా నాలుగు నాలుగే, రెండు రెండే. డ్రైవరు దిగివచ్చి అరిస్తే, ఇద్దరూ ఒక్కసారే వదులుకుందామని ఒప్పందం చేసుకుని వదిలారు. బేరం చావలేదు, వచ్చే ఏటికి వాయిదా పడింది.

ఆ ఒప్పందం ఏడు వసంతాలు నడిచింది. కాలువ నీళ్ళు వచ్చి ఆ దిక్కు రైతులు డాబాలు కట్టుకోవడం మొదలుపెట్టారు, వాళ్ళు కొత్త రకం ఇనుప కిటికీలే పెట్టించుకున్నారు. ఆ టేకు కిటికీని కన్నెత్తి చూసినవాడు లేడు.

"నేను తప్ప నీకు గిరాకి లేడు," అనేవాడు బావ.

"నేను తప్ప నీకు కిటికీ లేదు," అనేవాడు తాత.

ఇద్దరిదీ నిజమే. అందుకే ఇద్దరూ ఇరుక్కుపోయారు. మూడు వేళ్ళు పట్టే తెలివి మూడో మనిషినైన నాకు మాత్రమే ఉండేది. ఒకసారి బస్సులో ఆ మాట అంటే, మూడు పట్టినోడు ఓడిపోయినట్టేనని, అలా పట్టేదుంటే మొదటి ఏడే పట్టకపోదునా అని బావ నన్ను చీదరించుకున్నాడు.

ఈలోగా ఆయన ఒక పని చేశాడు. బేరం రేపో మాపో కుదురుతుందన్న ధీమాతో, వంటింటి గోడ మీద బొగ్గుతో ఆ కిటికీని కొలత ప్రకారం గీశాడు. నాలుగు గీతలు, లోపల పన్నెండు చువ్వలు. మా అక్క ఏళ్ళ తరబడి ఆ బొగ్గు కిటికీకి ఎదురుగా కూర్చుని రొట్టెలు చేసింది. ఏటా ఉగాదికి సున్నం వేస్తే అది చెరిగిపోయేది. ఆ మర్నాడే బావ మళ్ళీ గీసేవాడు. నేను మెచ్చుకోక తప్పదు, ఏటికేడు చువ్వలు తిన్నగా వచ్చేవి.

నవ్వులాట అక్కడితో ఆగింది. ఏడో ఏడు చలికాలంలో అక్కకు దగ్గు పట్టుకుంది. మందులకు తగ్గదు. అన్నం తినబోతే దగ్గు, పడుకుంటే దగ్గు. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఏం కట్టెలు వాడతారు, పొగ ఎటు పోతుందని అడిగాడు. పొగ ఎటూ పోదని అక్కే చెప్పింది. పొయ్యి దగ్గరికి గాలి రానంతకాలం తాను ఇచ్చే మందులు దండుగని, ఇంకో ఏడాది ఇలాగే ఉంటే మందులు కూడా అక్కర ఉండదని డాక్టరు అన్నాడు. ఇంటికి వచ్చాక బావ, ఈ ఉగాదిలోపల కిటికీ వస్తుందని చెప్పి కాంటాకు పోయాడు.

కాముని పున్నమి దాటాక మొదటి కోదాడ అంగడి. ఈసారి మూడు వేళ్ళన్నా పడతాడని నా ఆశ. తువ్వాల కింద ఏం జరిగిందో నాకు కనబడదు గానీ, బావ ముఖం చూస్తూనే ఉన్నాను. రెండో వేలు దాటి మూడో వేలు పట్టబోయి ఆగిపోయిన ముఖం అది. నుదుటి మీద చెమట. చేయి ఆయన మాట వినడం లేదు. ఏడేళ్ళుగా ఎందరినో పట్టి బిగించిన చేయి, ఆరోజు ఆయననే పట్టుకుని కూర్చుంది. ఖాళీగా తిరిగి వచ్చాం.

మర్నాడు బావ దుకాణానికి పోయాక అక్క నన్ను పిలిచింది. సామాను మధ్య నుంచి పక్కకు తిరిగి వచ్చి, మంగలి కుర్చీ మీద కూర్చుని, అది గోడవైపు తిప్పితే గోడవైపే ముఖం పెట్టి మాట్లాడింది. కొంగు ముడిలోంచి రెండు పది రూపాయల నోట్లు తీసి వెనక్కి చాపింది.

"గా తాతకు ఇయ్యి. రెండు వేళ్ళకు ఒప్పుకోమని చెప్పు," అంది. తర్వాత చాలాసేపు దగ్గింది. "ఆయన గెలిచినట్టు ఉండాలె తమ్మీ. నాకు గాలి రావాలె."

పై వారం నేను తొలి బస్సుకే కోదాడ పోయాను. బావ తర్వాతి బస్సుకు వస్తాడు. తాతకు సంగతంతా చెప్పి, నోట్లు చేతిలో పెట్టాను. ఆయన మా అక్క దగ్గు గురించి విని నొచ్చుకున్నాడు. నాటకాలాడడం తనకు రాదని చెప్పాడు. నేను నేర్పించాను. ముందు నాలుగు పట్టు, ఒక గంట ఆగు, తర్వాత మూడు, మళ్ళీ గంట ఆగు, అప్పుడు ఏడుపు ముఖం పెట్టి రెండు. ఆయన వేళ్ళు లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నాడు.

బావ వచ్చాడు. తువ్వాల కప్పాడు. బావ చేయి తగిలీ తగలకముందే ఆ మంచి ముసలాయన నేర్పినదంతా మరిచి, తానే రెండు వేళ్ళు పట్టి చేయి ఊపబోయాడు.

అప్పుడు జరిగింది, నేను మొదట చెప్పినది. బావ ఉలిక్కిపడి చేయి వదిలేశాడు. తువ్వాల కింద పడింది. ఎడ్లు నెమరు ఆపాయి.

"ఏడేండ్ల సంది నాలుగు పట్టినోడు ఇయ్యాల వస్తనే రెండు పట్టిండు," అన్నాడు. "లోపట పుచ్చిందిది."

పుచ్చలేదని తాత మొత్తుకున్నాడు. బావ కిటికీని గోళ్ళతో గీకాడు, వాసన చూశాడు, చెవి ఆనించి విన్నాడు, చువ్వలు ఒక్కొక్కటీ మీటాడు. చెద లేదు, పగులు లేదు. ఏ లోపమూ దొరకనికొద్దీ ఆయన అనుమానం గట్టిపడింది. ఏ లోపమూ లేని వస్తువును రెండు వేళ్ళకు ఎవడిస్తాడు? ఇకనైనా తీసుకుందామంటే చేయి వదిలేశాడు, ఆ పూటకు అంగడి కట్టుబాటు ఒప్పదు. నేను నా జీవితంలో మొదటిసారి ఒక వస్తువును నోరారా పొగిడాను. ఎవరూ వినలేదు.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని, బావ తువ్వాల నా ఒళ్ళో పరిచి, దాని కింద నా చేయి పట్టుకున్నాడు. కోదాడ దాటింది, పొలాలు దాటాయి, నా చేయి చేటలోనే ఉంది. ఒకసారి నా రెండు వేళ్ళు పట్టుకుని మెల్లగా నొక్కాడు. నేను కిటికీలోంచి, అంటే బస్సు కిటికీలోంచి, మోదుగుచెట్లు చూస్తున్నట్టు కూర్చున్నాను. నా అరచేతిలో చెమట కాలువై పారుతున్నది.

"నీ చేయి ఉడుకుతున్నది బామ్మర్దీ."

జ్వరమన్నాను. నాకు ఏటా ఆ రోజుల్లో జ్వరం వస్తుందని గుర్తుచేశాను. ఆయన తలాడించాడు. సూర్యాపేటలో దిగి, వీధి మలుపుదాకా కూడా వదల్లేదు. ఇల్లు ఇంకా నాలుగిండ్ల దూరం ఉండగానే అక్క దగ్గు వినబడింది. బావ నిలబడ్డాడు. దగ్గు ఆగేదాకా నిలబడ్డాడు. అది త్వరగా ఆగలేదు. ఆగాక నా చేయి వదిలి, జ్వరానికి కషాయం తాగమని చెప్పి లోపలికి పోయాడు.

పై వారం కోదాడకు నన్ను రమ్మనలేదు. ఒక్కడే పోయాడు. మధ్యాహ్నానికి ఎడ్లబండి మీద కిటికీ వచ్చింది. బావ బండి ముందు నడుస్తూ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు. ఆరోజు ఆ వీధిలో ఆ రెండు వేళ్ళు చూడనివాళ్ళు పుట్టుగుడ్డివాళ్ళే. బొగ్గు గీతల మీద గడ్డపార పడింది. కిటికీ నిలబెట్టి రెక్కలు తెరవగానే, ఎన్నేళ్ళుగానో ఇంట్లో చిక్కుకున్న పొగంతా వరస కట్టి బయటికి నడిచింది. తుంగతుర్తిదాకా మబ్బు పట్టిందనుకున్నారట. అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వు ఆపుకున్నాం. వారం రోజులు అనుమానపడి, చివరికి ఆశపడి మా వలలోనే పడ్డాడని అనుకున్నాం. వర్షాకాలం వచ్చేసరికి దగ్గు తగ్గింది.

ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ, ఇంటికి ఎవరు వచ్చినా వంటింట్లోకి తీసుకుపోయి కిటికీ చూపించి రెండు వేళ్ళు ఎత్తేవాడు. సామానుకు ఇవతలే నిలబడి మేమిద్దరం కొంగు, రుమాలు నోట్లో కుక్కుకునేవాళ్ళం. అంత తెలివిగల మనిషిని మోసం చేశామన్న గర్వంతో నేను ఊళ్ళో కాస్త ఛాతీ విరిచి నడిచానని కూడా ఒప్పుకుంటాను.

బావ పోయిన పదకొండో నాడు కోదాడ నుంచి తాత వచ్చాడు. నడుం పూర్తిగా వంగిపోయింది. విస్తరి ముందు కూర్చోకముందే నన్ను పక్కకు పిలిచి, పైబట్ట అంచుకు కట్టిన ముడి విప్పి, రెండు పది రూపాయల నోట్లు నా చేతిలో పెట్టాడు. మడతలు పడి మెత్తబడ్డ నోట్లు. ఏమిటివని అడిగాను.

"మీ అక్కగారివే బాబూ. ఆ కిటికీకి మీ బావ నలభై ఇచ్చాడు."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు భుజం మీద తువ్వాల తియ్యలేదు. అంతమందిలో నోటితో అడిగాడు, ఎంతని. నాకే సిగ్గేసింది. నలభై అన్నాను. లెక్కపెట్టి ఇచ్చాడు. పాపం తగులుతుందని, నీ బామ్మర్ది ఇరవై ముందే ఇచ్చాడయ్యా అని చెప్పేశాను. ఎరికేనన్నాడు. బస్సుల వాని చేయి పట్టుకున్న, సూర్యాపేట దాకా చెప్తనే ఉన్నదన్నాడు."

ఆ ఇరవై వెనక్కి తీసుకుపొమ్మంటే బావ ఒప్పుకోలేదట. తాను బతికున్నంతవరకు మాకు ఇవ్వొద్దని తాత చేత ఒట్టు పెట్టించుకున్నాడట. ఎందుకని అడిగితే బావ అన్న మాటను తాత బావ గొంతుతోనే చెప్పాడు.

"దాన్ని గెలిచిన అనుకుంట గాలి పీల్చుకోనియ్యి."

నేను నోట్లు జేబులో వేసుకున్నాను. చేయి కూడా జేబులోనే ఉంచుకున్నాను. జనం పోయాక, నేను లావెక్కాక మొదటిసారి, పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, తొట్టి, దీపాల గుత్తి, తాళాలు దాటుకుని వంటింట్లోకి పోయాను. అక్క కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుంది. వేపపూత వాసనతో గాలి వస్తున్నది. పదకొండు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖంలో నవ్వులాంటిది కనబడింది.

"ఎంతమందికి సూపిచ్చెటోడు తమ్మీ, రెండు వేళ్ళని. గంత తెలివిగల్ల మనిషిని మనమిద్దరం మోసం చేసినం," అంది. "పోయే ముందన్న చెప్పాల్నా అనుకున్న. నోరు రాలే. గెలిచిన అనుకుంటనే పోయిండు."

జేబులో నా వేళ్ళు రెండు నోట్లనూ పట్టుకుని ఉన్నాయి. చెమట మళ్ళీ కాలువై పారుతున్నది. చేయి బయటికి తీస్తే ఆమె చూస్తుంది, చూస్తే అడుగుతుంది, అడిగితే ఇన్నేళ్ళ ఆమె గెలుపు ఒక్క నిమిషంలో చచ్చిపోతుంది.

"అవునక్కా," అన్నాను. "మంచిగనే మోసం చేసినం."

మా అక్కకు చదువు రాదు. సూర్యాపేటలో ఇది చదివేవాళ్ళెవరైనా ఉంటే, ఆమెకు చదివి వినిపించవద్దని చేతులు జోడించి, అంటే ఒక చేయి జోడించి, వేడుకుంటున్నాను. రెండోది జేబులోనే ఉంది. పట్టుకున్నంతసేపు అది మాదే.